పదకొండేళ్లుగా విడిగా ఉంటున్నా, నా ఫ్లాటుకు ఆయనే వారసుడా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. పదిహేనేళ్ల క్రితం పెళ్లయింది, హిందూ సంప్రదాయంలో జరిగింది. నాలుగేళ్లు కలిసి ఉన్నాం, పిల్లలు లేరు. పడక విడిపోయాం. పెద్దమనుషులు కూర్చుని, ఇకపై ఒకరికొకరు ఏ సంబంధం లేదని స్టాంపు పేపరు మీద రాయించి మా ఇద్దరి చేత సంతకాలు పెట్టించారు. నా బంగారం నాకు తిరిగి ఇచ్చేశారు. కోర్టుకు మాత్రం వెళ్లలేదు. ఆయన తర్వాత గుడిలో ఇంకొకామెను పెళ్లి చేసుకున్నారు, వాళ్లకు ఒక బాబు. నేను ప్రైవేటు ఉద్యోగం చేసుకుంటూ బ్యాంకు లోనుతో ఫ్లాటు కొనుక్కున్నాను. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నాన్న రెండేళ్ల క్రితం వీలునామా రాయకుండానే పోయారు. ఆయన కొన్న ఇంటి స్థలం, బ్యాంకులో డిపాజిట్, తాతగారి నుంచి వచ్చిన పొలం ఉన్నాయి. డిపాజిట్‌కు తమ్ముడు నామినీ. ‘నీకు పెళ్లి చేసి పంపాం కదా, ఇక్కడ సంతకం పెట్టు’ అంటున్నాడు. ఈమధ్య మా ఆఫీసులో నా వయసావిడే ఒకరు ఉన్నట్టుండి చనిపోయారు. అప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. నాకేదైనా అయితే ఫ్లాటు అమ్మకే వస్తుంది కదా? ఆ స్టాంపు పేపరు విడాకులుగా చెల్లుతుందా? ఇన్నేళ్ల తర్వాత కోర్టుకు వెళ్లడం అవసరమా? అమ్మ దగ్గర ఈ మాట ఎత్తితే ‘అలాంటివి మాట్లాడకూడదు’ అని లేచి వెళ్లిపోతుంది. – ఒక సోదరి

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు జవాబు మీకు నచ్చదమ్మా. అయినా ముందు అదే చెప్పాలి. ఈరోజు మీకేదైనా జరిగితే ఫ్లాటు మీ అమ్మగారికి రాదు. మీ భర్తకు వెళ్తుంది. సగమో పావో కాదు, మొత్తం.

1956 నాటి హిందూ వారసత్వ చట్టం మగవారి ఆస్తికి ఒక వరుస, ఆడవారి ఆస్తికి ఇంకో వరుస పెట్టింది. వీలునామా రాయకుండా ఒక స్త్రీ చనిపోతే ఆమె ఆస్తి ఎవరికి వెళ్లాలో 15వ సెక్షన్ చెబుతుంది. మొదటి వరుసలో కొడుకులు, కూతుళ్లు, భర్త ఉంటారు. వాళ్లెవరూ లేకపోతే రెండో వరుస, అంటే భర్త వారసులు. వాళ్లు కూడా లేనప్పుడే మూడో వరుసలో ఆమె తల్లిదండ్రులు వస్తారు. మీకు పిల్లలు లేరు. కాబట్టి మొదటి వరుసలో మిగిలిన ఒకే ఒక్క మనిషి మీ భర్త. పదకొండేళ్లుగా ఆయన మీ గడప తొక్కలేదన్నది, లోను వాయిదాలన్నీ మీ జీతంలోంచే కట్టారన్నది ఈ సెక్షన్ పట్టించుకోదు. కోర్టు డిక్రీతో, అంటే కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వుతో, వివాహం రద్దయిందా లేదా అన్నదొక్కటే చూస్తుంది.

నేను మిమ్మల్ని భయపెట్టడానికి ఎక్కువ చేసి చెప్పడం లేదు. 2009లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఒక కేసు ఉంది. ఒకామెకు పెళ్లయిన మూడు నెలలకే భర్త పాముకాటుతో పోయాడు. అత్తింటివాళ్లు ఆమెను వెళ్లగొట్టారు. పుట్టింట్లో ఉండి చదువుకుంది, ఉద్యోగం సంపాదించుకుంది, నాలుగు డబ్బులు వెనకేసుకుంది. వీలునామా రాయకుండా కన్నుమూసింది. ఆ డబ్బు నాదని తల్లి అడిగింది, మాది అని భర్త తరఫు బంధువులు అడిగారు. ఆమె పట్ల తమకు సానుభూతి ఉన్నా చట్టంలో ఉన్నది ఉన్నట్టే అమలు చేయాలని చెప్పి కోర్టు ఆ ఆస్తిని భర్త తరఫు వాళ్లకే ఇచ్చింది. ఎన్నేళ్లయినా ఆ తీర్పు తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. చదివించి నిలబెట్టిన తల్లికి ఏమీ మిగల్లేదు. ఆ కూతురు ఒక్క కాగితం రాసి ఉంటే ఆ కేసే పుట్టేది కాదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఈ సెక్షన్ గురించి విచారిస్తూ, ఇలాంటి పరిస్థితిలో ఉన్న హిందూ స్త్రీలు వెంటనే వీలునామా రాసుకోవాలని విజ్ఞప్తి చేసింది.

కాబట్టి మీరు ముందు చేయాల్సిన పని వీలునామా రాయడం. విడాకులకు నెలలు పడుతుంది, తమ్ముడితో లెక్కలు తేలడానికి ఇంకా ఎక్కువ పట్టొచ్చు. వీలునామా మాత్రం ఈ వారంలోనే అయిపోతుంది.

చాలామంది అనుకునేంత పెద్ద తతంగం ఏమీ లేదు. తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. తెలుగులో రాసుకోవచ్చు, చేత్తో రాసినా టైపు చేయించినా ఒకటే. మీరు సంతకం పెట్టాలి. అది చూసిన ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకాలు పెట్టాలి. చట్టం గట్టిగా కోరేది ఈ సంతకాలనే, మీదీ, ఆ ఇద్దరు సాక్షులవీ. నోటరీ ముద్ర ఉంటే సాక్షులు లేకపోయినా పర్వాలేదనుకునేవాళ్లు ఉన్నారు, అది తప్పు. ముద్రలెన్ని ఉన్నా సాక్షులు లేని వీలునామా చెల్లదు. రేపు ఎవరైనా గొడవ పెడితే ఆ ఇద్దరిలో కనీసం ఒకరు కోర్టుకు వచ్చి ‘అవును, ఆమె మా ముందే సంతకం పెట్టింది’ అని చెప్పాలి. అందుకే మీకంటే చిన్నవాళ్లని, అడ్రసు తెలిసినవాళ్లని, మాట మీద నిలబడేవాళ్లని ఎంచుకోండి. మీ అమ్మగారిని సాక్షిగా పెట్టకండి. ఆస్తి ఎవరికి రాస్తున్నారో వాళ్లు ఆ కాగితానికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మీరు మాత్రం చేయించండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో మీ ఫొటో, వేలిముద్ర, సాక్షుల వివరాలు ఎక్కుతాయి. అసలు కాపీ పోయినా అక్కడ నకలు ఉంటుంది. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు. రిజిస్టర్ చేశాక మళ్లీ మార్చుకోలేమేమో అని కొందరు వెనకాడతారు. మీరు బతికి ఉన్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది.

ఇక అందులో ఏం రాయాలన్నది. ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే నేను చూసిన వీలునామాల్లో ఎక్కువ ఈ చోటే దెబ్బతిన్నాయి. ‘నా ఫ్లాటు మా అమ్మకు చెందాలి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకుంటే సరిపోదు. దేవుడి దయవల్ల మీరు నిండు నూరేళ్లు ఉంటారు. అమ్మగారు మీకంటే ముందు పోవచ్చు. అప్పుడు ఆమె పేరున రాసినది అక్కడితో వీగిపోతుంది, ఆస్తి మళ్లీ ఆ 15వ సెక్షన్‌కే, అంటే మీ భర్త దగ్గరికే చేరుతుంది. అందుకని రెండో పేరు తప్పకుండా రాయండి. ‘నా తదనంతరం అమ్మకు, నాకంటే ముందే అమ్మ కాలం చేస్తే ఫలానా వారికి’ అని. ఆ ఫలానా వారు తమ్ముడి పిల్లలా, మీ స్నేహితురాలా, ఏదైనా సేవా సంస్థా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

ఇంకో సంగతి కూడా ఆలోచించండి. ఫ్లాటును అమ్మగారికి సర్వహక్కులతో ఇస్తే ఆవిడ తర్వాత, ఆవిడేమీ రాయకపోతే, అది మీ తమ్ముడికి వెళ్తుంది. మీకు అది సమ్మతమైతే మంచిదే. కాదనుకుంటే అమ్మగారికి జీవితాంతం ఆ ఇంట్లో ఉండే హక్కు, ఆ తర్వాత మీరు కోరుకున్న వాళ్లకు పూర్తి హక్కు అని విడదీసి రాయించండి. దీనికి మాత్రం లాయరు సాయం తీసుకోండి, మాట కాస్త అటూ ఇటూ అయితే అర్థమే మారిపోతుంది.

ఫ్లాటుతో పాటు ‘ఇప్పుడు నాకు ఉన్నవి, ఇకముందు సంపాదించబోయేవి, ఇక్కడ పేర్కొనని ఆస్తులన్నీ’ అని ఒక పేరా ఉండాలి. అది లేకపోతే వీలునామా రాశాక కొన్న బంగారం, వేసిన డిపాజిట్ బయట మిగిలిపోతాయి. భర్తకు ఎందుకు ఇవ్వడం లేదో రెండు మాటలు రాయండి. పదకొండేళ్లుగా విడిగా ఉంటున్నామని, ఈ ఆస్తి నా స్వార్జితమని, అంతే. కోపంతో ఆయన తప్పులన్నీ ఏకరువు పెట్టొద్దు. ఎవరికైనా ఇవ్వకుండా వదిలేస్తే కారణం కనబడాలి, లేకపోతే దగ్గరివాళ్లని మర్చిపోయిందేమో, ఎవరో రాయించారేమో అని వాదిస్తారు. వీలునామా అమలు చేసే బాధ్యత ఎవరిదో ఒక పేరు రాయండి. ఆ వ్యక్తినే ఎగ్జిక్యూటర్ అంటారు. లోను ఇంకా మిగిలి ఉంటే ఫ్లాటుతో పాటు ఆ బాకీ కూడా వెళ్తుందన్నది గుర్తుంచుకోండి. లోను తీసుకున్నప్పుడు బ్యాంకువాళ్లు దానికి ఇన్సూరెన్స్ చేయించారేమో కాగితాలు తీసి చూడండి.

తర్వాతి పని నామినేషన్లు. వీలునామా రాసేశాం కదా అని దీన్ని వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. మీరు ఉద్యోగంలో చేరిన కొత్తలో, పెళ్లయిన ఏడాదికో రెండేళ్లకో, పీఎఫ్ ఫారంలోనూ ఎల్‌ఐసీ పాలసీలోనూ ఎవరి పేరు రాశారో ఒక్కసారి చూసుకోండి. పదిమందిలో తొమ్మిదిమంది భర్త పేరే రాసి ఉంటారు, తర్వాత మర్చిపోతారు. బీమా చట్టాన్ని 2015లో సవరించారు. అప్పటి నుంచి భర్త, భార్య, తల్లిదండ్రులు, పిల్లల్లో ఎవరినైనా నామినీగా పెడితే ఆ డబ్బు వాళ్ల సొంతమే అవుతుంది, కేవలం చేతులు మారడానికి పెట్టిన పేరు కాదు. అంటే పాత పాలసీలో మీ భర్త పేరు అలాగే ఉండిపోతే, వీలునామాలో మీరేం రాసినా ఆ డబ్బు ఆయనే నాదంటారు. రేపే బ్రాంచికి వెళ్లి అమ్మగారి పేరు పెట్టించండి.

పీఎఫ్‌కు ఒక ప్రత్యేకమైన వెసులుబాటు ఉంది, చాలామందికి తెలియదు. పీఎఫ్ నామినేషన్ కుటుంబసభ్యుల పేరునే చేయాలి, భర్త కుటుంబంలో భాగమే. అయితే ఉద్యోగం చేస్తున్న స్త్రీ తన భర్తను కుటుంబం లెక్కలోంచి తీసేయమని పీఎఫ్ కమిషనర్‌కు రాతపూర్వకంగా తెలియజేయవచ్చు. విడాకులు అయ్యేదాకా ఆగనక్కర్లేదు. ఆ లేఖ ఇచ్చి, రసీదు తీసుకుని, ఆ తర్వాత మీ మీద ఆధారపడిన తల్లిగా అమ్మగారి పేరు పెట్టండి. ఆఫీసులో గ్రాట్యుటీ ఫారం వేరుగా ఉంటుంది, అదీ అడగండి. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబరు 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికెంత శాతమో కూడా రాయొచ్చు.

ఇప్పుడు ఆ స్టాంపు పేపరు సంగతి. విడాకుల కింద అది చెల్లదు. హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది, అప్పటి నుంచి కోర్టు ఇచ్చిన డిక్రీతోనే వివాహం రద్దవుతుంది. మీ కులంలో పెద్దల సమక్షంలో విడాకులిచ్చే ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయగలిగితే ఆ మినహాయింపు వేరు. అది రుజువు చేయడం ఎంతో కష్టం, దాన్ని నమ్ముకోవద్దు. మన ఊళ్లలో ఇలా రాసుకున్న కాగితాలు బీరువాల్లో ఎన్ని ఉన్నాయో లెక్కలేదు. పెద్దమనుషులు మంచి మనసుతోనే చేసి ఉంటారు. కాకపోతే ఆ కాగితంతో పెళ్లి బంధం తెగిపోయిందన్న నమ్మకం ఇద్దరికీ కలుగుతుంది, చట్టం లెక్కలో మాత్రం మీరిద్దరూ ఇప్పటికీ భార్యాభర్తలే.

దీని ఫలితం మీ ఒక్కరి మీదే కాదు. ఆయన రెండో పెళ్లి చట్టరీత్యా చెల్లదు. రేపు ఆయన వీలునామా లేకుండా పోతే వితంతువుగా వాటా వచ్చేది మీకే, ఆమెకు కాదు. ఆ బాబుకు మాత్రం తండ్రి ఆస్తిలో హక్కు ఉంటుంది. చెల్లని పెళ్లిలో పుట్టినా ఆ పిల్లలు సక్రమ సంతానమేనని చట్టం చెబుతుంది, 2023లో సుప్రీంకోర్టు దాన్ని ఇంకా స్పష్టం చేసింది. మీరు ‘ఆయన ఆస్తి నాకొద్దు’ అన్నా, ఆయన ఇల్లు అమ్మాలన్నా బ్యాంకు డబ్బు తీయాలన్నా ఆ కుటుంబం మీ సంతకం కోసం రావాల్సిందే. ఈ మాట ఆయనకు అర్థమయ్యేలా చెబితే ఆయనే విడాకులకు ముందుకు రావచ్చు. ఆయన మీద కేసు పెట్టి జైలుకు పంపాలని మీరు రాయలేదు, అలాంటి ఉద్దేశం మీ ఉత్తరంలో నాకు కనిపించలేదు కూడా. రెండో పెళ్లి నేరమే, ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ మీకు కావాల్సింది విడుదల. దానికి దగ్గరి దారి ఇద్దరూ కలిసి అడగడం.

పరస్పర అంగీకారంతో విడాకులు కావాలంటే కనీసం ఏడాదిగా విడిగా ఉండాలి. మీకు పదకొండేళ్లయింది. ఇద్దరూ సంతకాలు చేసి ఫ్యామిలీ కోర్టులో పిటిషన్ వేస్తారు. మీరు ఇప్పుడు నివాసం ఉంటున్న ఊరి కోర్టులోనే వేయొచ్చు, పెళ్లి జరిగిన ఊరికి పరిగెత్తాల్సిన పని లేదు. ఆ తర్వాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా ఇద్దరూ మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. ఎన్నో ఏళ్లుగా విడిగా ఉండి, ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ తేలిపోయి, కలిసే అవకాశమే లేదని తేలితే ఆ ఆరు నెలల గడువును కోర్టు తీసేయవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ లాయరును ఆ దరఖాస్తు కూడా వేయమనండి. డిక్రీ వచ్చేలోపు ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, మార్చుకుంటే పిటిషన్ ఆగిపోతుంది. అందుకే రెండో వాయిదా అయ్యేదాకా ఆయనతో కొత్త గొడవలు పెట్టుకోవద్దు.

ఆయన ఒప్పుకోకపోతే మీరొక్కరే వేయాలి. ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. రెండేళ్లకు మించి వదిలేసి వెళ్లారన్న కారణం మీద విడాకులు అడగొచ్చని ఎవరైనా చెబుతారు. నిజమే, కాకపోతే అవతలివాళ్ల సమ్మతి లేకుండా వదిలేస్తేనే అది చట్టం దృష్టిలో వదిలేయడం. మీరు ఇష్టపడి సంతకం పెట్టిన కాగితం ఉంది. ఆయన లాయరు దాన్నే చూపించి ‘ఇద్దరూ ఒప్పుకునే విడిపోయారు కదా’ అంటాడు. మీకు బలమైన ఆధారం ఆయన ఇంకొకరితో కాపురం చేస్తుండటం. కాబట్టి పిటిషన్ రాసే ముందే లాయరుకు ఆ స్టాంపు పేపరు చూపించండి, దాచొద్దు. పరస్పర అంగీకారానికి అదే కాగితం మీకు మేలు చేస్తుంది, ఏ తేదీ నుంచి విడిగా ఉంటున్నారో అందులో ఉంది. చింపేయకండి.

ఒప్పందంలో భరణం గురించి స్పష్టంగా రాసుకోండి, తీసుకున్నా వదులుకున్నా. భరణం భార్య మాత్రమే అడగాలని లేదు. సంపాదన లేని భర్త కూడా సంపాదించే భార్యను అడిగే వీలు హిందూ వివాహ చట్టంలో ఉంది. ఫ్లాటు మీదేనని, దాని మీద ఆయనకు ఏ హక్కూ లేదని ఒక వాక్యం పెట్టించండి. మన దేశంలో విడాకులైతే భార్యాభర్తల ఆస్తి చెరి సగం అనే నియమం లేదు, ఎవరి పేరున ఉన్నది వాళ్లదే. అయినా రాసి ఉంటే మనసుకు నిశ్చింత.

డిక్రీ వచ్చాక వీలునామా మళ్లీ తీసి చూడండి. విడాకులతో అది రద్దు కాదు, కొనసాగుతుంది. మీ విషయంలో అది మంచిదే. ఈ ఉత్తరం చదివే వేరేవాళ్లు మాత్రం గమనించాలి. కాపురం బాగున్న రోజుల్లో భర్త పేరునో భార్య పేరునో వీలునామా రాసి ఉంటే, విడాకులైనంత మాత్రాన అది దానంతటది పోదు. కొత్తది రాయాలి.

తమ్ముడి విషయానికి వస్తాను. ‘పెళ్లి చేసి పంపాం’ అన్న మాటకు చట్టంలో విలువ లేదమ్మా. నాన్నగారు కొన్న స్థలం ఆయన స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి అమ్మగారికి, మీకు, తమ్ముడికి మూడు సమాన వాటాలు. డిపాజిట్ కూడా అంతే. నామినీగా తమ్ముడి పేరు ఉంది కాబట్టి బ్యాంకు అతని చేతికి డబ్బు ఇస్తుంది. అతను ఆ డబ్బును వారసులందరి తరఫున తీసుకున్నట్టే, సొంతం కాదు. ఇన్సూరెన్స్‌కు నేను పైన చెప్పింది బ్యాంకు డిపాజిట్‌కు వర్తించదు, ఈ రెండూ కలిపి గందరగోళపడొద్దు.

తాతగారి పొలంలో కూడా మీకు హక్కు ఉంది. పిత్రార్జితంలో ఆడపిల్లకు పుట్టుకతోనే వాటా అని దేశమంతటికీ చట్టం వచ్చింది 2005లో. మన దగ్గర అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అవివాహితులైన కూతుళ్లకు ఆ హక్కు ఇచ్చారు. అప్పుడు ఎన్టీఆర్ ముఖ్యమంత్రి. మీరు అప్పటికి పసిపిల్ల. ఏ చట్టం ప్రకారం చూసినా మీకు వాటా ఉంది. ఆ పొలం నిజంగా పిత్రార్జితమా, తాతగారు వీలునామా ద్వారా నాన్నగారికి ఇచ్చారా, ఇదివరకే పంపకాలు అయ్యాయా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. పాత దస్తావేజులు, ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం), పట్టాదారు పాసుపుస్తకం తీయించండి. తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుంటే అందులో మీ పేరు ఉండేలా చూడండి. కొన్నిచోట్ల ‘పెళ్లయిన కూతురు’ అని పేరు వదిలేసి రాయించుకుంటారు, ఆ పొరపాటు తర్వాత దిద్దడం కంటే ముందే చూసుకోవడం తేలిక.

సంతకం గురించి. తమ్ముడు ఇచ్చే కాగితం మీద హక్కు విడుదల అనో రిలింక్విష్‌మెంట్ అనో ఉంటే అది చదవకుండా పెట్టొద్దు. ఒకసారి రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. మీకు ప్రేమతో వదులుకోవాలనిపిస్తే వదులుకోండి, అది మీ హక్కే. ఎంత విలువైనది వదులుకుంటున్నారో తెలిసి వదులుకోండి. అమ్మగారి వాటా కూడా అదే కాగితంలో పోతోందేమో చూడండి. రేపు ఆమె మందులకు, ఆసరాకు ఆ వాటా ఉండాలి. తమ్ముడితో తెగదెంపులు చేసుకోమని నేను అనడం లేదు. ‘కాగితాలు చూసుకుని చెబుతాను, తొందరేం లేదు’ అని నెమ్మదిగా చెప్పండి. ఇద్దరికీ ఇష్టమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గర కూర్చుని రాజీ చేసుకోవచ్చు. అక్కడ లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం.

నాన్నగారి నుంచి మీకు వచ్చే వాటాకు ఇంకో విశేషం ఉంది. తల్లిదండ్రుల నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం, పిల్లలు లేని స్త్రీ వీలునామా లేకుండా పోతే, భర్తకు వెళ్లదు. తిరిగి తండ్రి వారసులకే వెళ్తుంది. మీ లెక్కలో స్థలం వాటా అమ్మగారికి, తమ్ముడికి చేరుతుంది, ఫ్లాటు భర్తకు చేరుతుంది. ఒకే మనిషి ఆస్తి రెండు దారులు పడుతుందన్నమాట. ఆ స్థలం అమ్మి ఆ డబ్బుతో ఫ్లాటు లోను తీర్చేస్తే ఏది నాన్నగారిది, ఏది మీది అని విడదీయడమే కష్టమవుతుంది. వీలునామా ఉంటే ఈ చిక్కులేవీ మీకు అంటవు. అందుకే మొదట అది రాయమన్నాను.

లాయరు ఫీజు గురించి మీరు అడగలేదు, అడగకపోయినా చెబుతాను. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద ఏ స్త్రీకైనా ఉచితంగా లాయరును ఇస్తారు, జీతం ఎంతన్నది చూడరు. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు నేరుగా వెళ్లండి. నేను ఇక్కడ రాసిందంతా హిందూ చట్టం ప్రకారం. ముస్లింలకు వాటాలు, వీలునామా పరిమితులు వేరు, క్రైస్తవులకు 1925 నాటి భారత వారసత్వ చట్టం వర్తిస్తుంది. ఆ పాఠకులు తమ సంగతి విడిగా అడగాలి.

చివరగా అమ్మగారు. ఆవిడ లేచి వెళ్లిపోవడంలో తప్పేమీ లేదు, ఏ తల్లి వినగలదు ఆ మాట. మీ వీలునామా గురించి మొదలుపెట్టకండి. ఆవిడ వీలునామాతో మొదలుపెట్టండి. నాన్నగారి స్థలంలో ఆవిడకు మూడో వంతు వాటా ఉంది, దాని గురించి ఏం రాయాలనుకుంటున్నారో అడగండి. వయసులో పెద్దవారు కాబట్టి ఆ మాట ఆవిడకు అంత కష్టంగా ఉండదు, పైగా నాన్నగారు రాయకుండా పోవడం వల్ల ఇంట్లో ఏం జరుగుతోందో కళ్లారా చూస్తున్నారు. ‘మీది రాయించేటప్పుడు నాదీ రాయిస్తాను’ అనండి. ఇద్దరూ ఒకే రోజు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లండి. ఎవరి సాక్షులు వాళ్లకు వేరుగా ఉండాలి, మీరు సంతకం పెట్టేటప్పుడు ఆవిడ బయట బెంచీ మీద కూర్చోవాలి, ఆవిడ పెట్టేటప్పుడు మీరు. పని అయ్యాక రెండు కాపీలూ ఒకే కవరులో పెట్టి, ఎక్కడ ఉన్నాయో ఎగ్జిక్యూటర్‌కు చెప్పండి.